బ్రిటన్‌లో ఫ్లెక్సిబుల్ వర్కింగ్ హక్కు: లాభమెంత, నష్టమెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు పుట్టాక, ఊళ్ళో అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోలేనప్పుడు, లండన్ రైలు సీజన్ టికెట్ రేటు చూసి గుండె గుభేలుమన్నప్పుడు బ్రిటన్‌లోని తెలుగు ఉద్యోగులు అడిగే ప్రశ్నలివి. ఐటీ వాళ్ళవీ ఉన్నాయి, ఆస్పత్రుల్లో షిఫ్టులు చేసే నర్సులవీ ఉన్నాయి. ఎవరి పరిస్థితి వారిది కాబట్టి, మీకు పనికొచ్చే ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం వీసా ప్రశ్న చదవకుండా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టొద్దు.

ఇది ఏం హక్కు? అడిగితే ఇచ్చి తీరాలా?

అక్కర్లేదు. చట్టం ఇచ్చింది అడిగే హక్కు. మీరు పని గంటలో, వేళలో, పనిచేసే చోటో మార్చమని రాతపూర్వకంగా అడిగితే యజమాని దాన్ని పద్ధతిగా పరిశీలించాలి, కాదనే ముందు మీతో మాట్లాడాలి, రెండు నెలల్లో తేల్చాలి. కాదంటే చట్టంలో రాసిన ఎనిమిది కారణాల్లో ఏదో ఒకటి చూపాలి.

ఈ హక్కు ఒక్కరోజులో రాలేదు. 2003 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు ఆరేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకు, వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రులకు మాత్రమే ఇచ్చారు. 2007లో పెద్దవాళ్ళను చూసుకునేవారిని చేర్చారు. 2009లో పిల్లల వయసు పరిమితి పెంచారు. 2014 జూన్ 30 నుంచి కారణంతో పనిలేకుండా, 26 వారాల సర్వీసున్న ప్రతి ఉద్యోగికీ వచ్చింది. 2024 ఏప్రిల్ 6 నుంచి ఆ 26 వారాల షరతు కూడా పోయింది, చేరిన మొదటి రోజే అడగొచ్చు. ఏడాదిలో ఒకసారి అడిగే అవకాశం రెండుసార్లయింది. మూడు నెలల గడువు రెండుకు తగ్గింది.

ఇరవై ఏళ్ళలో ఎవరు అడగొచ్చన్నది బాగా విస్తరించింది. అడిగింది దక్కే అవకాశం మాత్రం ఆ వేగంతో పెరగలేదు. ఈ హక్కు గురించి ఎవరేం చెప్పినా ఈ తేడా గుర్తుపెట్టుకుని వినండి.

ఇంటి నుంచి పని ఒక్కటేనా? ఇంకేం అడగొచ్చు?

మనవాళ్ళలో చాలామంది ఫ్లెక్సిబుల్ వర్కింగ్ అంటే వర్క్ ఫ్రమ్ హోమ్ అనే అనుకుంటారు. వారానికి ఐదుకు బదులు నాలుగు రోజులు చేయడం, ఆరింటికి బదులు నాలుగున్నరకు బయల్దేరడం, స్కూలు నడిచే రోజుల్లోనే పనిచేయడం, ఒకే ఉద్యోగాన్ని ఇద్దరు పంచుకోవడం, ఏడాది మొత్తం గంటలు లెక్కగట్టి సీజన్‌ని బట్టి చేయడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి.

వీటిలో అందరికీ నచ్చేది కంప్రెస్డ్ అవర్స్: జీతం తగ్గకుండా ఐదు రోజుల పని నాలుగు రోజుల్లో ముగించడం. వినడానికి బాగుంటుంది. లెక్క వేయండి. వారానికి 37.5 గంటలంటే రోజుకు 9 గంటల 22 నిమిషాల పైనే. మధ్యలో భోజనం, రెండు వైపులా ప్రయాణం కలిపితే నర్సరీ తెరవకముందే బయల్దేరి, మూసేశాక ఇంటికొస్తారు. చిన్నపిల్లలున్నవాళ్ళకు ఇది తరచూ పనికిరాని బేరం. పిల్లలు లేనివాళ్ళకు, లేదా ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉన్నవాళ్ళకు బాగా సరిపోతుంది.

ఎవరూ పట్టించుకోని మంచి పద్ధతి జాబ్ షేర్. సీనియర్ పోస్టుల్లో గంటలు తగ్గించమంటే మేనేజర్లు జంకుతారు. పంచుకునే మనిషిని మీరే వెతికి తీసుకెళ్తే వాళ్ళ అభ్యంతరాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

నాకు ఈ హక్కు వర్తిస్తుందా?

మీరు ఉద్యోగి అయితే వర్తిస్తుంది. పర్మనెంటా, ఫిక్స్‌డ్ టర్మా అన్న తేడా లేదు. ఏజెన్సీ ద్వారా పనిచేసేవాళ్ళకు, సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకున్న కాంట్రాక్టర్లకు సాధారణంగా వర్తించదు. అడగడం తప్పేం కాదు, కానీ చట్టం మీ వెనక ఉండదు.

ఇక్కడ చెప్పే నిబంధనలు ఇంగ్లాండు, వేల్స్, స్కాట్లాండులవి. నార్తర్న్ ఐర్లాండులో చట్టం వేరు. అక్కడ 26 వారాల షరతు, ఏడాదికి ఒక్క దరఖాస్తు పద్ధతి ఇంకా ఉన్నాయి.

లాభాలు నిజంగా ఉన్నాయా, లేక హెచ్‌ఆర్ పోస్టర్లలోనేనా?

ఉన్నాయి. అన్నిటికన్నా ముందు కనిపించేది సమయం. ఇంటి నుంచి పనిచేసిన రోజున ప్రయాణం లేక సగటున 56 నిమిషాలు మిగులుతున్నాయని బ్రిటన్ గణాంక కార్యాలయం లెక్కగట్టింది. 2024 శరదృతువు నాటికి గ్రేట్ బ్రిటన్‌లో పనిచేసేవాళ్ళలో 28 శాతం మంది కొన్ని రోజులు ఇంట్లో, కొన్ని రోజులు ఆఫీసులో చేస్తున్నారు. కోవిడ్‌తో వచ్చింది కోవిడ్‌తోనే పోతుందనుకున్న పద్ధతి నిలబడిపోయింది.

రెండోది, ఉద్యోగం వదలకుండా ఉండగలగడం. స్కూలు మూడున్నరకు వదులుతుంది. ఆఫ్టర్ స్కూల్ క్లబ్బులో చోటుండదు. హైదరాబాదులో అయితే అత్తయ్యో, పనమ్మాయో, పక్కింటి పిన్నిగారో చూసుకుంటారు. ఇక్కడ స్లౌలో, మిల్టన్ కీన్స్‌లో ఆ ఏర్పాటు ఎక్కడిది? మూడింటికి వెళ్ళిపోయి రాత్రి ఒక గంట చేసే వీలుంటే చాలు, ఒక తల్లి పదేళ్ళ అనుభవాన్ని వదులుకోకుండా ఉద్యోగంలో నిలబడుతుంది. ఈ హక్కు వల్ల కలిగిన అసలు మేలు నా దృష్టిలో ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

మరి నష్టాలు?

మొదటిది జీతం, దాని లెక్క కింద విడిగా చెప్పాను. జీతంతోపాటు పెన్షన్ తగ్గుతుంది. బోనస్ శాతంలో ఇస్తే అదీ తగ్గుతుంది. ఇంటి లోను అర్హత కూడా తగ్గుతుంది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే, మార్ట్‌గేజ్ ఆఫర్ చేతికొచ్చి కొనుగోలు పూర్తయ్యేదాకా గంటలు తగ్గించుకునే మాట ఎత్తకపోవడం మంచిది.

రెండోది కాగితం మీద కనిపించదు. గంటలు తగ్గుతాయి, పని తగ్గదు. నాలుగు రోజుల జీతానికి ఐదు రోజుల పని చేస్తున్నవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. శుక్రవారం సెలవైనా ఫోన్ మోగుతూనే ఉంటుంది, "ఒక్క నిమిషం" అంటూ. దరఖాస్తులో ఎన్ని గంటలు తగ్గుతాయో రాయడంతో సరిపెట్టకండి. ఏ పని మీ దగ్గరి నుంచి పోతుందో, అది ఎవరు చేస్తారో కూడా రాయించుకోండి. ఇది తేలకుండా గంటలు తగ్గించుకోవడమంటే జీతం కోతకు సంతకం పెట్టడమే.

మూడోది ప్రమోషన్. షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థ తన కాల్‌సెంటర్ ఉద్యోగుల్లో కొందరిని తొమ్మిది నెలలు ఇంటి నుంచి పనిచేయించింది. ఆ ప్రయోగ ఫలితాలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2015లో ప్రచురించారు. ఇంట్లో చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. కానీ అంతే బాగా పనిచేసిన ఆఫీసు ఉద్యోగులతో పోలిస్తే వాళ్ళకు ప్రమోషన్లు తగ్గాయి. ఒంటరితనం భరించలేక చాలామంది ఆఫీసుకు తిరిగొచ్చేశారు కూడా. అదే సంస్థలో తర్వాత జరిగిన ఇంకో ప్రయోగం 2024లో వెలువడింది. 1,612 మందితో చేసిన ఆ ప్రయోగంలో కొందరు వారానికి రెండు రోజులే ఇంట్లో చేశారు. రాజీనామాలు మూడోవంతు తగ్గాయి, పనితీరులోగానీ ప్రమోషన్లలోగానీ తేడా రాలేదు. వారమంతా ఇంట్లోనే ఉండటానికీ, రెండు రోజులు ఉండటానికీ మధ్య ఇంత తేడా ఉంది. బ్రిటన్ ఆఫీసులన్నిటికీ ఇదే వర్తిస్తుందని చెప్పలేం గానీ, మేనేజర్ కంటికి కనిపించనివాళ్ళను మర్చిపోవడం ఏ దేశంలోనైనా జరిగేదే.

నాలుగోది ఇంట్లో. సాధారణంగా భార్యే గంటలు తగ్గించుకుంటుంది. ఇంట్లోనే ఉన్నావుగా అని డెలివరీ పార్సిళ్ళు, ప్లంబర్లు, వంట, మామగారి డాక్టర్ అపాయింట్‌మెంట్ అన్నీ ఆమె మీదికే చేరతాయి. ఇది చట్టం తెచ్చిన నష్టం కాదు. అయినా ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోకపోతే ఆఫీసులో తెచ్చుకున్న వెసులుబాటు ఇంటి చాకిరీలో కరిగిపోతుంది.

నాలుగు రోజులకు మారితే చేతికి ఎంత తగ్గుతుంది?

జీతం ఐదో వంతు తగ్గినా చేతికొచ్చేది అంత తగ్గదు, ఎందుకంటే పన్ను కూడా తగ్గుతుంది. 2025-26 రేట్ల ప్రకారం, స్కాట్లాండు కాకుండా మిగతా చోట్ల, ఏడాదికి 45,000 పౌండ్ల జీతం 36,000 అయితే పోయే 9,000లో ఇన్‌కమ్ టాక్స్ 1,800, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలో కోసే సామాజిక భద్రత చందా) 720 ఎటూ ప్రభుత్వానికి పోయేవే. మీకు నిజంగా తగ్గేది 6,480, అంటే నెలకు 540 పౌండ్లు. చేతికొచ్చే జీతంలో ఇది 18 శాతం.

60,000 నుంచి 48,000కి దిగితే తేడా ఇంకా తక్కువ, చేతికొచ్చేదానిలో 16 శాతం. పైన ఉన్న డబ్బు మీద 40 శాతం పన్ను పడుతోంది కాబట్టి. దానికి ఎదురుగా ఒక రోజు నర్సరీ ఖర్చు, ఒక రోజు రైలు ఖర్చు పెట్టి చూడండి. కొందరికి ఇంచుమించు సరిసమానంగా వస్తుంది. ఈ లెక్కలో పెన్షన్, స్టూడెంట్ లోను కలపలేదు.

ఇంకో మెలిక ఉంది. ఇంగ్లాండులో ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్ కావాలంటే ఇద్దరూ కనీసం వారానికి 16 గంటల కనీస వేతనమంత సంపాదించాలి. మరీ తక్కువ గంటలకు దిగి సంపాదన అంతకన్నా తగ్గితే నర్సరీ బిల్లు పెరుగుతుంది. పబ్లిక్ ఫండ్స్ లేవని వీసాలో రాసి ఉన్నవాళ్ళకు నిబంధనలు వేరు. ఆ పథకంలో మీకు అర్హత ఉందో లేదో ముందే చూసుకోండి.

నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. అడగొచ్చా?

అడిగే హక్కు వీసా మీద ఉన్నవాళ్ళకూ అంతే ఉంది. అడిగినంత మాత్రాన వీసాకు ఏమీ కాదు. చిక్కు అడగడంలో లేదు, వాళ్ళు ఒప్పుకోవడంలో ఉంది.

వీసాకు జీతం గీత ఒకటుంటుంది, అంటే జీతం కనీసం ఇంత ఉండాలన్న పరిమితి. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ సాధారణ గీత ఏడాదికి 41,700 పౌండ్లు. గంటలు తగ్గాయని ఈ గీత తగ్గదు. 50,000 జీతమున్న వ్యక్తి నాలుగు రోజులకు మారితే 40,000, అంటే గీత కిందికి వచ్చేసినట్టే. అప్పుడు స్పాన్సర్‌షిప్పే ప్రమాదంలో పడుతుంది. అంతకుముందు వచ్చినవాళ్ళకు, ఆరోగ్య రంగం వాళ్ళకు వేరే గీతలున్నాయి. మీ సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ (వీసా కోసం యజమాని ఇచ్చే పత్రం) ఏ నిబంధన కింద ఇచ్చారో ముందు అది కనుక్కోండి. జాతీయ స్కేలు మీద జీతం తీసుకునే నర్సులకు తాజా గీత 25,000. ఇంగ్లాండులో బ్యాండ్ 5 (కొత్త నర్సులు చేరే జీతశ్రేణి) మొదటి మెట్టు జీతం 2025-26లో 31,049. అందులో 80 శాతం 24,839. ఆ ఏడాది లెక్కన 161 పౌండ్ల తేడాతో వీసా సమస్య వస్తుందన్నమాట! అదే నర్సు 85 శాతం అడిగితే ఏ గొడవా లేదు. ఈ చిన్న గుణకారం చేయకుండా ఎవరూ దరఖాస్తు పెట్టకూడదు.

వేళలు మార్చుకోవడానికి, కంప్రెస్డ్ అవర్స్‌కి ఈ చిక్కు లేదు, జీతం మారదు కాబట్టి. పూర్తిగా ఇంటి నుంచే పనిచేయడానికి మారితే ఆ సంగతి స్పాన్సర్, అంటే మీ యజమాని, హోమ్ ఆఫీసుకు (వీసాలు చూసే బ్రిటన్ హోం శాఖకు) తెలపాలి. అది వాళ్ళ బాధ్యతే అయినా, తెలిపారో లేదో అడిగి తెలుసుకోండి. జీతం లేని సెలవు ఏడాదిలో నాలుగు వారాలు దాటితే, ప్రసూతి సెలవు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, స్పాన్సర్‌షిప్ ఆపేయాల్సి వస్తుంది. స్కూలు సెలవులన్నీ జీతం లేకుండా తీసుకుందాం అనుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి.

డిపెండెంట్ వీసా మీద ఉన్న భర్తకో భార్యకో ఈ జీతం గీత లేదు. అందుకే చాలా ఇళ్ళలో డిపెండెంటే గంటలు తగ్గించుకుంటారు. ఇంటికి సులువే, కానీ ఎవరి కెరీర్ ఆగుతుందో మీ ఇంట్లో వీసా నిర్ణయిస్తోందని గమనించండి. ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక ఈ ఏర్పాటును మళ్ళీ లెక్కలోకి తీసుకోండి, అలవాటుగా వదిలేయకండి.

యజమాని ఏ కారణాలతో కాదనొచ్చు?

అదనపు ఖర్చు, కస్టమర్ల అవసరం తీర్చలేకపోవడం, ఉన్నవాళ్ళ మధ్య పని సర్దలేకపోవడం, కొత్తవాళ్ళు దొరక్కపోవడం, నాణ్యత దెబ్బతినడం, పనితీరు దెబ్బతినడం, మీరు చేస్తానన్న వేళల్లో పని లేకపోవడం, సంస్థలో మార్పులు చేయబోతుండటం. ఈ ఎనిమిదే.

చూస్తే వీటిలో ఏదో ఒకటి ఎవరికైనా అతికించేయొచ్చు. "పనితీరు దెబ్బతింటుంది" అనేది మరీ సోమరి కారణం. ఆ మాట వింటే, ఏ పని, ఎంత దెబ్బతింటుందని మర్యాదగా రాతలో అడగండి. "నీకిస్తే అందరూ అడుగుతారు" అనేది ఈ జాబితాలో లేదు. "మా టీమ్‌లో అలాంటి అలవాటు లేదు" అనేదీ లేదు.

దరఖాస్తులో ఏం రాయాలి?

తేదీ ఉండాలి. ఇది చట్టం ప్రకారం ఇస్తున్న దరఖాస్తు అన్న వాక్యం ఉండాలి. ఏ మార్పు కావాలో, ఎప్పటి నుంచి కావాలో రాయాలి. ఇంతకుముందు అడిగి ఉంటే ఎప్పుడు అడిగారో రాయాలి. అంతే. మీ మార్పు వల్ల సంస్థపై ఏ ప్రభావం పడుతుందో వివరించాలన్న నిబంధన 2024లో తీసేశారు.

తీసేసినా, ఆ వివరణ రాయడమే మేలు. చట్టానికి అక్కర్లేదు, మేనేజర్‌కి కావాలి. మీరు లేని రోజు క్లయింట్ ఫోన్ ఎవరు తీస్తారు, హ్యాండోవర్ ఎలా జరుగుతుంది, సోమవారం స్టాండప్ మీటింగ్‌కి ఉంటారా, ఇవి మీరే రాస్తే ఆయన పైవాళ్ళకు చెప్పుకోవడానికి మాట దొరుకుతుంది. మూడు నెలల ట్రయల్ అనండి. కాదనడానికి నోరు రాని మాట అది.

కారణం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పిల్లల సంరక్షణ, వైకల్యం, అనారోగ్యం లాంటివైతే చెప్పమనే నా సలహా. కాదన్నప్పుడు వివక్ష చట్టం మీకు ఉపయోగపడేది ఆ కారణం వల్లే.

మేనేజర్‌తో టీ తాగుతూ మాట్లాడి "సరే చూద్దాంలే" అనిపించుకోవడం దరఖాస్తు కాదు. ఆయన మారిపోతే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది.

కాదన్నారు. ఇప్పుడేంటి?

ముందు అప్పీలు. చట్టంలో తప్పనిసరి కాకపోయినా, ఉద్యోగ వివాదాల్లో రాజీ కుదిర్చే ప్రభుత్వ సంస్థ ఏకాస్ నియమావళి ఇవ్వమంటుంది, చాలా సంస్థలు ఇస్తాయి. తర్వాత ఏకాస్ రాజీ ప్రయత్నం, ఆపైన ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ (ఉద్యోగ వివాదాల కోర్టు). ట్రిబ్యునల్‌కు గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. దాన్ని ఆరు నెలలకు పెంచే నిబంధన, కింద విడిగా చెప్పిన 2025 చట్టంలో ఉంది గానీ, అమలైందో లేదో చూసుకునేదాకా పాత గడువునే నమ్మండి.

ఈ హక్కు కింద మాత్రమే కేసు వేస్తే వచ్చేది తక్కువ. పద్ధతి తప్పారని తేలితే గరిష్ఠంగా ఎనిమిది వారాల జీతం, అదీ వారానికి ఇంతే అన్న పరిమితితో. 2025 ఏప్రిల్ పరిమితి 719 పౌండ్లు, అంటే మొత్తం 5,752. లాయరు ఖర్చుకే చాలదు. పూర్తిగా ఇంటి నుంచి పనిచేస్తానని అడిగిన ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ మేనేజర్ కేసు 2023లో వచ్చింది. సంస్థ నిర్ణయం సబబేనంది ట్రిబ్యునల్. జవాబు ఆలస్యమైనందుకు మాత్రం ఒక వారం జీతం, 643 పౌండ్లు ఇప్పించింది.

వివక్ష చట్టం తోడైతే కథ మారుతుంది. లండన్‌లో ఒక చిన్న ఎస్టేట్ ఏజెన్సీలో సేల్స్ మేనేజర్ ప్రసూతి సెలవు తర్వాత వారానికి నాలుగు రోజులు, ఆరింటికి బదులు ఐదింటికి వెళ్ళే వీలు అడిగింది, నర్సరీ మూసేస్తుందని. కాదన్నారు. ఇది మహిళలపై పరోక్ష వివక్ష అని 2021లో ట్రిబ్యునల్ తేల్చి సుమారు లక్షా 85 వేల పౌండ్లు ఇప్పించింది. అదే ఏడాది ఉత్తర కంబ్రియా నర్సు కేసులో అప్పీల్ ట్రిబ్యునల్ ఇంకో మాట చెప్పింది: పిల్లల సంరక్షణ భారం మహిళల మీదే ఎక్కువ పడుతుందన్నది అందరికీ తెలిసిన వాస్తవం, ప్రతి కేసులోనూ దాన్ని కొత్తగా రుజువు చేయనక్కర్లేదు.

వీటిని చదివి అందరూ ట్రిబ్యునల్‌కు పరిగెత్తమని కాదు. కేసంటే నెలల తరబడి టెన్షన్. చాలామంది ఆ సమయంలో ఇంకో ఉద్యోగం వెతుక్కుంటారు, దాన్ని ఓటమి అనుకోనక్కర్లేదు.

అడిగినందుకు మేనేజర్ పగబడితే?

అడిగారన్న కారణంతో తీసేయడం, వేధించడం చట్టవిరుద్ధం. రుజువు చేయడమే కష్టం. అందుకే అన్నీ మెయిల్లో ఉంచుకోండి.

నేను ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) నర్సుని. నాకు వేరే నిబంధనలున్నాయా?

మీ పరిస్థితి చట్టం కన్నా కాస్త మెరుగు. ఇంగ్లాండు, వేల్స్‌లలో అజెండా ఫర్ చేంజ్ (ఎన్‌హెచ్ఎస్ జీతాల, పని షరతుల) ఒప్పందం ప్రకారం 2021 సెప్టెంబరు 13 నుంచే మొదటి రోజు హక్కు ఉంది, ఏడాదికి ఎన్నిసార్లయినా అడగొచ్చు.

కాగితం సంగతి అది. వార్డు సంగతి రోటాలో (ఎవరికి ఏ షిఫ్టో రాసే పట్టికలో) ఉంటుంది. లాంగ్ డే షిఫ్టులు చేసేవాళ్ళు నాలుగు వారాల్లో 13 షిఫ్టులు చేస్తారు. ఏవి రాత్రులు, ఏవి శని ఆదివారాలు అన్న దాని మీదే గొడవంతా. "వారాంతాలు వద్దు" అంటే ఆ భారం పక్క నర్సు మీద పడుతుంది, ఆమె కూడా కేరళ నుంచో ఫిలిప్పీన్స్ నుంచో వచ్చి పిల్లల్ని చూసుకునే తల్లే కావచ్చు. అందుకే వార్డుల్లో పనికొచ్చేది ఫిక్స్‌డ్ ప్యాటర్న్: ఫలానా రోజులు ఖాయంగా చేస్తాను, ఫలానా రోజులు ఖాయంగా రాను, నెలకు ఇన్ని రాత్రులు నావి. వార్డు మేనేజర్‌కి రోటా వేయడం సులువవుతుంది, మీకు నర్సరీ బుకింగ్ సులువవుతుంది.

కేర్ హోముల్లో పరిస్థితి ఇంత బాగోదు. మనుషులు తక్కువ, కారణం నంబరు నాలుగు, అంటే కొత్తవాళ్ళు దొరకడం లేదన్నది, ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ హక్కు ల్యాప్‌టాప్ ఉద్యోగాలకు ఇచ్చినంత మేలు చేత్తో చేసే ఉద్యోగాలకు ఇవ్వలేదన్న విమర్శ నిజమే.

ఇండియా వెళ్ళి నెల రోజులు అక్కడి నుంచి పనిచేయొచ్చా?

సెలవు మిగుల్చుకోవడానికి అందరూ అడిగే ప్రశ్న. ఈ హక్కులో విదేశం నుంచి పనిచేయడానికి ప్రత్యేకమైన హామీ ఏమీ లేదు. సంస్థ పాలసీయే దిక్కు. కొన్ని కంపెనీలు ఏడాదికి కొన్ని రోజులు ఒప్పుకుంటాయి, డేటా భద్రత, పన్నుల కారణంగా కొన్ని అసలు ఒప్పుకోవు. చెప్పకుండా వెళ్ళి వీపీఎన్ పెట్టి పనిచేయడం ఉద్యోగానికే ఎసరు. ఐఎల్ఆర్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఏ 12 నెలల్లోనూ 180 రోజులు మించి దేశం బయట ఉండకూడదన్న లెక్క కూడా చూసుకోవాలి.

ఒకసారి ఒప్పుకున్నాక మళ్ళీ పాత పద్ధతికి రావొచ్చా?

ఒప్పుకుంటే అది మీ కాంట్రాక్టులో శాశ్వత మార్పు. పిల్లాడు బడిలో చేరాక మళ్ళీ ఐదు రోజులు కావాలంటే అడగొచ్చు, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళకు లేదు. కాబట్టి మొదటే "ఫలానా తేదీ దాకా" అని గడువు పెట్టుకోండి. అదే శాశ్వతత్వం మీకూ రక్షణే: మేనేజర్ మారినా, "ఇక అందరూ ఆఫీసుకు రావాలి" అని పైనుంచి మెయిల్ వచ్చినా, మీ కాంట్రాక్టును మీ సమ్మతి లేకుండా అంత తేలిగ్గా మార్చలేరు. మాట మీద వచ్చిన హైబ్రిడ్‌కు ఆ బలం లేదు.

2025 చట్టంతో ఏం మారుతుంది?

ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 2025 డిసెంబరు 18న రాజముద్ర పొందింది. ఎనిమిది కారణాలు అలాగే ఉన్నాయి. కానీ ఆ కారణంతో కాదనడం సమంజసం కూడా అయ్యుండాలి, ఎందుకు సమంజసమో రాతలో వివరించాలి. ఈ భాగం అమలు 2027లో అని ప్రభుత్వం చెప్పింది. ఎనిమిది వారాల పరిహార పరిమితిని పెద్దగా కదిలించలేదు కాబట్టి ఇదో విప్లవం అనలేను. ఒక్క వాక్యం జవాబు ఇచ్చి చేతులు దులుపుకోవడం మాత్రం కష్టమవుతుంది.

మాది చిన్న రెస్టారెంటు, ఆరుగురు ఉద్యోగులు. మాకూ ఇదంతా తప్పదా?

తప్పదు, ఉద్యోగుల సంఖ్యతో మినహాయింపు లేదు. అయితే శనివారం రాత్రి దోశ మాస్టర్ లేకపోతే వ్యాపారం నడవదన్నది నిజమైన కారణమే, చట్టం దాన్ని గుర్తిస్తుంది. మాట్లాడండి, రెండు నెలల్లో రాతలో జవాబివ్వండి. చిన్న యజమానులు ఇబ్బంది పడేది కాదన్నందుకు కన్నా, అసలు జవాబే ఇవ్వకుండా నాన్చినందుకే.

ఇండియాలో, ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఇలాంటి హక్కు ఉందా?

ఆస్ట్రేలియాలో ఉంది, అందరికీ కాదు. పన్నెండు నెలల సర్వీసుండి, బడి వయసు లేదా అంతకన్నా చిన్న పిల్లలుండటం, 55 దాటడం, వైకల్యం లాంటి పరిస్థితుల్లో ఉన్నవాళ్ళు అడగొచ్చు. యజమాని 21 రోజుల్లో జవాబివ్వాలి. 2023 జూన్ నుంచి తగవు ఫెయిర్ వర్క్ కమిషన్ దాకా వెళ్ళొచ్చు. అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఇలాంటి చట్టం లేదు.

ఇండియాలో అందరికీ అడిగే హక్కంటూ లేదు. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణలో, సెలవు ముగిశాక పని స్వభావం అనుకూలిస్తే యజమాని, ఉద్యోగిని ఒప్పందంతో ఇంటి నుంచి పనిచేయొచ్చని రాశారు. అది "చేయొచ్చు" అనే చెప్పింది, యజమాని జవాబివ్వాలని చెప్పలేదు. హైదరాబాదు గచ్చిబౌలిలోనో, విశాఖలోనో వారానికి మూడు రోజులు ఆఫీసు అన్న నిబంధన ఉందంటే అది కంపెనీ పాలసీ, రేపు మెయిల్ పంపి మార్చేయొచ్చు.

సలహా ఎవరిని అడగాలి?

ఏకాస్ హెల్ప్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ రెండూ ఉచితం. నర్సులైతే మీ యూనియన్ (ఆర్‌సీఎన్ లేదా యునిసన్) ప్రతినిధిని దరఖాస్తు పెట్టకముందే కలవండి, కాదన్నాక కాదు. జీతం తగ్గే మార్పు అయితే సంతకానికి ముందు గుర్తింపు ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడండి. వాట్సాప్ గ్రూపులో ఎవరికో పనిచేసిన ఉపాయం వాళ్ళ వీసా కేటగిరీకి పనిచేసి ఉంటుంది, మీదానికి పనిచేస్తుందన్న హామీ లేదు.